సాగుబడి ఇంగ్లీషు

పోయిన నెల నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో ఒక పాత స్టేషనరీ కొట్టు మూసేస్తున్నారని విని, మా అమ్మాయికి నోటుపుస్తకాలు తీసుకుందామని వెళ్ళాను. కొట్టు పెద్దాయన పై అరల్లోంచి ఒక్కొక్క అట్టపెట్టే దించి దులిపి పక్కన పెడుతున్నాడు. వాటిలో ఒకదాని మూత ఊడి, లోపలున్న కార్బన్ కాగితాలు జారి నా కాళ్ళ దగ్గర పడ్డాయి. వంగి ఒక కాగితం తీసేసరికి నీలిమందూ, మైనమూ, కాస్త కిరసనాయిలూ కలిసినట్టుండే ఆ వాసన తగిలింది. "ఇయ్యి ఇప్పుడెవురికి కావాలమ్మా, ఈ పేరే ఎవురికీ తెలీదు" అన్నాడాయన. అప్పటికే నేను ఆ కొట్లో లేను. మైపాడు దారిలో, సముద్రానికి నాలుగు మైళ్ళ ఇవతల, మా ఊరి బస్సు ఆగే చోట, ఖాదర్ బాషా మామ దర్జీ దుకాణం అరుగు మీద కూర్చుని ఉన్నాను.

నేను రోడ్లూ వంతెనలూ కట్టే ఒక ఆఫీసులో పని చేస్తాను. ఏ పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ వెనకబడింది, ఎప్పటికి అందుకుంటాం అని పైవాళ్ళకి ఇంగ్లీషులో రాయడం నా ఉద్యోగం. మీరు ఏ కాన్వెంటులో చదువుకున్నారని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. కాన్వెంటు కాదు, రవికెలు కుట్టే దుకాణం అంటే నవ్వులాట అనుకుంటారు. ఆ దుకాణంలో చదువుకున్నది కూడా నిజానికి నేను కాదు, మా అమ్మ. నేను పక్కన కూర్చుని విన్నదాన్ని, అంతే.

మా ఊరికి తూర్పున కాలువ, కాలువ అవతల సర్వి, అంటే సరుగుడు తోపులు, తోపుల అవతల కనిపించని సముద్రం. గాలి తూర్పు నుంచి తిరిగిన రోజున ఇంట్లో ఉప్పు డబ్బా చెమర్చేది, నాయన చొక్కా ఆరకుండా దండెం మీదే ముక్కవాసన వేసేది, మైపాడు నుంచి చేపలగంపలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్ళ కేక అర మైలు ముందే వినిపించేది. ఆ కేక విన్న రోజు మా అవ్వ పొయ్యి మీద మట్టిదాక పెట్టి, మామిడికాయ ముక్కలు వేసి పులుసు కాచి, దాన్ని ఆ పూట ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మర్నాడు పొద్దున చల్లటి మొలగొలుకుల అన్నంలో, ముక్కలు పులుపు పీల్చుకుని గట్టిపడ్డాక, గరిటెతో కొలిచినట్టు వడ్డించేది. కోతల కాలంలో ఇల్లంతా కొత్త వడ్ల దుమ్ము, ఎండాకాలంలో మిద్దె మీద వడియాల గంజి వాసన, ఉగాదికి పోళీలు, రంజానుకి మాబ్బీ అత్త ఇంటి నుంచి గుడ్డ కప్పిన గిన్నెలో ఖర్జూరం ముక్కలు తేలే సేమ్యా పాయసం. మాబ్బీ అత్త ఖాదర్ మామ భార్య. మా అమ్మ ఆయన్ని అన్నా అనేది, ఆమెను వదినా అనేది. మా నాయనేమో బావా అని పిలిచి, ఆ చనువుతో ఆయన టీ కూడా తాగేసేవాడు.

మా అమ్మ పేరు వెంగమ్మ. పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషు తప్పింది. తప్పిన ఏడాదే పెళ్ళి అయింది, మరుసటేడు నేను పుట్టాను. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆమె చేతిలో పుస్తకం చూసిన వాళ్ళు లేరు. నాయన కౌలుకి చేసే రెండెకరాల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది, కోతకోసింది, గేదెను మేపింది. నేను ఆరో తరగతిలో ఉండగా మా ఊరికి అంగన్‌వాడీ బడి వస్తుందని, దాని టీచరుగా ఊళ్ళోదాన్నే, పది పాసైనదాన్నే తీసుకుంటారని తెలిసింది. ఆ సాయంత్రం అమ్మ గేదెకు కుడితి పెడుతూ పెడుతూ ఆగిపోయి, బాల్చీ చేతిలో పట్టుకునే, "ఒక్క ఇంగిలీసే గదా" అంది. ఎవరితో అన్నదో తెలియదు.

"ఏందమ్మే?" అంది అవ్వ అరుగు మీద నుంచి.

"పరీచ్చ మళ్ళా రాస్తానత్తా."

అవ్వ ఆకూవక్కా నమలడం ఆపింది. "ముప్పై ఏళ్ళొస్తా ఉండాయి, కూతురు ఎదుగుతా ఉండాది. ఇప్పుడు ఇంగిలీసు చదివి యాడికి పోతావు? గేదెకు ఇంగిలీసులో కుడితి పెడతావా?"

నాయన ఎప్పటిలాగే ఎవరి పక్కా చేరలేదు. "రాస్తే రాయనీలే" అని తుండు దులుపుకుని పొలం వైపు పోయాడు. మా ఇంట్లో అదే అనుమతి.

పుస్తకం తెచ్చారు. మధ్యాహ్నం పూట అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పాఠాలు ఎలాగో కూడబలుక్కుంది గాని, పరీక్షలో ఒక ప్రశ్న ఉండేది: వాక్యంలో గీత గీసిన మాట తీసేసి, దానికి సరిపడే రెండు చిన్న మాటల జంట పెట్టాలి. ఆ జంటలన్నీ అడ్డదిడ్డంగా ఉండేవి.

"గెట్ అంటే పొందుట. ఆన్ అంటే పైన. గెట్ ఆన్ అంటే పైన పొందుట. పైన ఏం పొందుతామే?" అని నన్నడిగింది. నాకేం తెలుసు. మా బడిలో ఇంకా పిల్లి చాప మీద కూర్చుంది దగ్గరే ఉన్నాం. "అటక మీద బెల్లం" అన్నాను. అమ్మ నవ్వలేదు.

మర్నాడు నన్ను పరికిణీ పొడుగు విప్పించుకు రమ్మని మామ దుకాణానికి పంపిస్తూ, పుస్తకం కూడా చేతికిచ్చి, "మామకి ఇంగిలీసు వచ్చునంటారు, గెట్ ఆన్ అంటే ఏందో అడుగు" అంది.

ఖాదర్ మామ సన్నగా, పొడుగ్గా, ముక్కు చివర కళ్ళజోడుతో ఉండేవాడు. దుకాణంలో కుట్టుమిషన్ పక్కన ఇంకో బల్ల, దాని మీద గుడ్డ కప్పిన టైపుమిషన్. ఊళ్ళోకి ఆయన వచ్చినప్పటి నుంచీ అది ఉంది. పిల్లలం దాని కీల సందుల్లో మెరిసే రజను చూసి బంగారం అనుకునేవాళ్ళం. అది కాకి బంగారం, అభ్రకం పొడి. గూడూరులో అభ్రకాన్ని విదేశాలకు పంపే ఒక ఆఫీసులో ఆయన పద్దెనిమిదేళ్ళు టైపిస్టుగా చేశాడు. ఆ వ్యాపారం పడిపోయి ఆఫీసు మూసేసిననాడు ఆ టైపుమిషనూ, ఒక పెట్టెడు కార్బన్ కాగితాలూ, తాను టైపు చేసిన ఉత్తరాల నకళ్ళ కట్టలూ తెచ్చుకుని, భార్య పుట్టిన ఊరని మా ఊళ్ళో దుకాణం పెట్టుకున్నాడు.

నేను అడగ్గానే ఆయన కత్తెర కింద పెట్టాడు. "గెట్ ఆనా? అది ఒక్కటే చాలా మీయమ్మకి? ఆ జాతి మాటలతోనే గదమ్మా నేను పద్దెనిమిదేళ్ళు అన్నం తిన్నది. మీయమ్మను రేపు మద్దేనం రమ్మను. మీ అత్త గూడా ఉంటాది."

అట్లా మొదలైంది. మధ్యాహ్నం రెండు బస్సు వెళ్ళాక ఊళ్ళో అలికిడి ఉండేది కాదు. దుకాణం అరుగు మీద చాప పరిచి ఒకవైపు మాబ్బీ అత్త హుక్కులు కుడుతూ, ఒకవైపు అమ్మ పుస్తకం పట్టుకుని, నేను గోడకి ఆనుకుని. మామ మిషన్ తొక్కుతూనే చెప్పేవాడు. చెప్పాల్సింది ముఖ్యమైనదైతే తొక్కడం ఆపేవాడు.

"చూడు వెంగమ్మా, ఆ దేశాలోళ్ళు మా ఆఫీసుకి ఉత్తరం రాసేవాళ్ళు, మా సరుకు ఎంతవరకు వచ్చిందీ అని. మేం జవాబు రాయాల. గనిలో నీళ్ళొచ్చి పని ఆగిపోయి ఉంటాది. ఆగిపోయిందని రాస్తే ఇంకొకరి దగ్గరికి పోతారు. అందుకని మా మేనేజరు ప్రతి ఉత్తరంలో పని సాగతా ఉండాదని రాయించేవాడు. ఒకే మాట రాస్తే అనుమానపడతారని రోజుకొక మాట. ఇంగిలీసులో ఆగిపోయిందని చెప్పేదానికి మాటలు నాలుగో అయిదో. సాగతా ఉండాదని చెప్పేదానికి ముప్పై."

ఆ ముప్పై మాటలూ ఆయన మాకు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే విడదీసి చూపించాడు. గెట్ ఆన్ అంటే మనుషులు పలకరించుకునే మాట, పని ఎట్టా సాగుతోంది, నువ్వెట్టా ఉన్నావు అని. కమ్ అలాంగ్ అంటే పని దానంతట అది దారిలో పడి వస్తూ ఉండడం, పిండి పులుస్తున్నట్టు. ప్రెస్ ఆన్ అంటే అడ్డం ఉన్నా ఆగకుండా పోవడం, ఎదురుగాలికి సైకిలు తొక్కినట్టు. గెట్ త్రూ అంటే ఎలాగో గట్టెక్కడం. గెట్ అహెడ్ అంటే నలుగురికంటే ముందుకి పోవడం. గెట్ బై అంటే ముందుకీ పోక, వెనక్కీ పడక, ఏదో ఈడ్చుకురావడం.

"అది నాకు తెలుసులే అన్నా, ఇంగిలీసులో పేరే తెలీదు" అంది అమ్మ. మాబ్బీ అత్త సూది గుచ్చుకునేంత నవ్వింది.

పుస్తకంలో ప్రొసీడ్, ప్రోగ్రెస్, అడ్వాన్స్ అని పెద్ద మాటలు ఉంటే, అన్నిటికీ అర్థం ముందుకు పోవడమే కదా, ఒకదాని బదులు ఒకటి పెడితే ఏం పోయిందని అమ్మ వాదించేది. దానికి మామ, "పండక్కి కట్టే చీరా చీరే, నాటుకి కట్టే చీరా చీరే. నాటుకి పట్టుచీర కడతావా? ప్రొసీడ్ అనేది కోర్టు కాగితం మాట. గో అహెడ్ అనేది కానియ్యి అని చెయ్యి ఊపే మాట. ఇంట్లో మనిషికి కానియ్యి అంటావా, ఉపక్రమించు అంటావా?" అనేవాడు. ఆ రోజు తర్వాత అమ్మ మాటల్ని పట్టుచీరలు, నూలుచీరలు అని రెండు వరసలుగా రాసుకుంది.

అమ్మకి బాగా పట్టుబడినవి మాత్రం పొలం నుంచి వచ్చినవే. కీప్ అప్, ఫాల్ బిహైండ్, క్యాచ్ అప్ అనే మూడింటినీ మామ ఉత్తరాలతో చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండన్నా. నాట్లేసేటప్పుడు పదిమందిమి వరసలో ఉంటాం. అందరితో సమానంగా వేస్తా పోతే కీప్ అప్. బిడ్డకి పాలిచ్చొచ్చి వరసలో తగ్గితే ఫాల్ బిహైండ్. పక్కదాని నారు ముడి గూడా తీసుకోని గబగబా వేసి వరస కలిపితే క్యాచ్ అప్. అంతేనా?"

"అంతే. నేను ఇంత బాగా చెప్పలేను" అన్నాడు మామ.

"ఇంకొకటి అడుగుతా. నాట్లేసేటప్పుడు మేం ఎనక్కి నడుస్తాం గదా. ఎనక్కి నడిస్తేనే పని ముందుకి పోతాది. దానికేం మాట ఉండాది?"

మామ మిషన్ ఆపేశాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ముప్పై మాటలూ మనసులో తిరగేసినట్టు కాసేపు చూరు వంక చూశాడు. "లేదమ్మా" అన్నాడు చివరికి. "వాళ్ళు వరి నాటినోళ్ళు కాదు."

ఆ మాటలు అరుగు దిగి ఊళ్ళోకి వచ్చాయి. తొక్కుడుబిళ్ళ ఆటలో నేను గడికొక మాట పెట్టాను, గెట్ ఆన్ గడిలో తప్పితే మొదటికి రావాలి, గెట్ త్రూ దాటితే ఇల్లు కట్టుకోవచ్చు. పట్టుకునే ఆటలో పిల్లలంతా క్యాచప్పు క్యాచప్పు అని అరిచేవాళ్ళు. నాయనకి ఒక్కటే నచ్చింది. ప్లౌ త్రూ అంటే కష్టమైన పనిని దుక్కి దున్నుకుంటూ పోయినట్టు దాటడమని నేను చెబితే, "అయితే దుక్కి దున్నడం వాళ్ళకి గూడా ముందుకు పోవడమేనన్నమాట" అని చాలా సంతోషించి, ఎద్దుల్ని కూడా ఆ మాటతో అదిలించి చూశాడు. అవి కదల్లేదట. అవ్వకి మాత్రం ఒళ్ళు మండేది. ఒకరోజు అమ్మ పొయ్యి ముందు కూర్చుని "గెట్ అవే, గెట్ అవే" అని వల్లె వేస్తుంటే, తనని ఇంట్లోంచి పొమ్మంటున్నదని అవ్వకి ఎవరో అర్థం చెప్పారు. రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

మార్చిలో అమ్మ నెల్లూరు వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. బస్సు దిగుతుంటేనే ముఖం చూసి అడగడానికి భయపడ్డాను. ఫలితాలు వచ్చిననాడు నాయన పేపరు పట్టుకుని ఇంటికి వచ్చి, నెంబరు లేదని చెప్పలేక, పేపరు మడిచి చూరులో దోపి స్నానానికి పోయాడు. మార్కుల కాగితం వచ్చాక తెలిసింది, నాలుగు మార్కులు తగ్గాయి.

చదువు రాక కాదు. చెయ్యి సాగలేదు. పన్నెండేళ్ళు కొడవలి పట్టిన చెయ్యి మూడు గంటలు కలం పట్టలేకపోయింది. వేళ్ళు కొంకర్లు పోయాయట. ముప్పై మాటలూ తెలిసినా, ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేశారట. అమ్మ ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. పుస్తకాలు అటకెక్కించింది. మధ్యాహ్నం రెండు బస్సు వెళ్ళాక ఇంట్లోనే పడుకునేది, నిద్రపోయేది కాదు. దుకాణం ముందు నుంచి పోవాల్సి వస్తే ఊరు చుట్టి వెనకదారిన వచ్చేది. అవ్వ ఏదైనా అంటే బాగుండునని నాకు అనిపించేది.

వారం తర్వాత పోస్టుమాన్ మా ఇంటికి ఉత్తరం తెచ్చాడు. మా ఇంటికి ఉత్తరాలు వచ్చేవి కావు. పైన టైపు కొట్టిన అక్షరాలతో శ్రీమతి వెంగమ్మ అని అమ్మ పేరు. ఇంటికి నాలుగు వందల అడుగుల దూరంలో ఉన్న మనిషి నెల్లూరు వెళ్ళి స్టాంపు అంటించి పోస్టు చేసిన ఉత్తరం అది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, అమ్మ గుమ్మానికి ఆనుకుని అర్థం చెప్పుకుంటూ పోయింది. 'డియర్ మేడమ్' అని మొదలుపెట్టి, మీ వైపు పని హెల్డ్ అప్ అయినట్టు, అంటే మధ్యలో చిక్కుబడి ఆగినట్టు మాకు తెలియవచ్చింది అని రాశాడు. ఇటువంటి ఆలస్యాలు ఈ వ్యాపారంలో మామూలే అన్నాడు. మాకు మీ మీద పూర్తి నమ్మకం ఉంది, ఎట్లా సాగుతోందో తిరుగు టపాలో తెలియజేయవలసింది, ప్రెస్ ఆన్ చేయవలసింది అని ముగించి, కింద ఖాదర్ బాషా అని సంతకం చేశాడు.

అమ్మ మొదట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసేసరికి ఏడుస్తోంది. నేను ఏం చేయాలో తెలియక ఉత్తరం మడత పెట్టి మళ్ళీ విప్పాను.

ఆ సాయంత్రం అమ్మ నా లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చించుకుని, తన జీవితంలో మొదటి ఇంగ్లీషు ఉత్తరం రాసింది. నాలుగు వాక్యాలు. అయ్యా, నేను వెనకబడ్డాను, నా చెయ్యి నెమ్మది, నాకు మాటలు వచ్చు, నేను అందుకుంటాను. ఐ విల్ క్యాచ్ అప్ అని రాసిన చోట కలం గట్టిగా నొక్కింది, కాగితం వెనక అక్షరాలు తడిమితే తగిలేవి. నేను పరుగెత్తుకుపోయి ఇచ్చాను. మామ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "చెయ్యి నెమ్మదా! ఈ మాట ముందే చెప్పుంటే!" అని నెత్తి కొట్టుకున్నాడు.

అప్పటి నుంచి పాఠాలు మానేసి రాయించడం పెట్టాడు. నకళ్ళ కట్ట విప్పి ఒక్కొక్క ఉత్తరం ముందు పెట్టేవాడు, అమ్మ చూసి రాయాలి. మొదటి రోజు సగం ఉత్తరం. చేతికి నొప్పి పుడితే మాబ్బీ అత్త వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టేది. మా అమ్మ ఆ వేసవంతా ఎవరికో, ఎప్పుడో, ఏ దేశానికో పోయిన అభ్రకం గురించి రాసింది. తూనికలు, పెట్టెలు, ఓడ పేర్లు, పని చక్కగా సాగుతోందన్న అబద్ధాలు. చేతులనిండా కార్బన్ నీలం. అవ్వ అన్నం వడ్డిస్తూ ఆ నీలం వేళ్ళ వంక చూసేది.

ఆ యేడు రొట్టెల పండక్కి మాబ్బీ అత్త నెల్లూరు పోతుంటే, అవ్వ కూడా సంచి పట్టుకుని బస్సెక్కింది. దర్గా పక్క చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. పెళ్ళి రొట్టె, బిడ్డల రొట్టె, ఆరోగ్యం రొట్టె అని పేర్లు పెట్టి పిలుస్తుంటారు. అవ్వ మోకాళ్ళ నొప్పులకి రొట్టె తెచ్చుకుంటుందని మేమంతా అనుకున్నాం. పొద్దుగూకేవేళ తిరిగి వచ్చి, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, కొంగు ముడి విప్పి ఒక ముక్క అమ్మ చేతిలో పెట్టింది.

"తినమ్మే."

"ఏం రొట్టెత్తా?"

"చదువు రొట్టె. ఈ వయసులో అడుగుతుండావే, మనవరాలికా అని ఎగతాళి చేసినారు ఆడోళ్ళు. కోడలికి అని చెప్పినా." అని, అమ్మ మొహం చూడకుండానే వెనక్కి తిరిగి, "నాకు ఒక చిన్న ముక్క మిగిలిచ్చు" అంది.

మార్చిలో తప్పినవాళ్ళకి మళ్ళీ పెట్టిన పరీక్షకి అమ్మ వెళ్ళిన రోజు వాన. ఈసారి బస్సు దిగి నేరుగా ఇంటికి రాలేదు. గొడుగు కూడా తెరవకుండా దుకాణం అరుగెక్కి, అందరికీ వినపడేలా, "అన్నా, గంట కొట్టకముందే అయిపోయినాది!" అంది. నలభై ఒక్క మార్కులు వచ్చాయి. ముప్పై అయిదు వస్తే చాలు. ఆ ఆరు మార్కులు దేనికని నాయన అడిగితే, "ఎవురికన్నా తగ్గితే ఇద్దాంలే" అంది అవ్వ. మరుసటేడు పండక్కి అవ్వే రొట్టెలు కాల్చి, చెరువులో నిలబడి, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లకి చదువు రొట్టె ఇచ్చి వచ్చింది.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. అమ్మ పాసయ్యేనాటికి మా ఊరి అంగన్‌వాడీలో పక్క ఊరి అమ్మాయిని వేసేశారు. అమ్మ దరఖాస్తు పట్టుకుని పోయి, ఆ సంగతి విని తిరిగి వచ్చింది. రెండేళ్ళు మళ్ళీ నాట్లే. ఆ రెండేళ్ళూ అరుగు మీదికి వెళ్ళడం మాత్రం మానలేదు. మామకి ఇంగ్లీషు పేపరు చదివి వినిపించేది, ఆయన తప్పులు దిద్దేవాడు. రెండేళ్ళ తర్వాత కాలువ అవతల, చేపలు పట్టేవాళ్ళ పాలెంలో కొత్త కేంద్రం పెడుతున్నామని, రోజూ పడవ దాటి వచ్చేందుకు ఎవరూ ఒప్పుకోవడం లేదని కబురొచ్చింది. అమ్మ ఒప్పుకుంది. మొదటి రోజుకి మామ ఆకుపచ్చ రవికె కుట్టి పంపించాడు. ఎదురుగాలి ఉన్న పొద్దున్నే ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని, పడవలో నిలబడి, సర్వి తోపుల వైపు పోతూ ఉండడం నేను బడికి వెళ్ళే దారిలో గట్టు మీద నిలబడి చూశాను. ఆ పాలెం పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులు. కొందరు ఇప్పటికీ అమ్మను టీచరమ్మా అని పిలవకుండా, పడవమ్మా అంటారు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఖాదర్ మామ పోయాడు. మాబ్బీ అత్త గూడూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. టైపుమిషను ఎవరికి ఇచ్చారో తెలియదు. నకళ్ళ కట్టల్ని చెదలు తిన్నాయన్నారు. అవ్వ, ఆమె పులుసు దాక, రెండూ లేవు. దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది, దానికి అద్దాల తలుపు, అరుగు కొట్టేశారు. కాలువ మీద వంతెన వచ్చాక పడవ లేదు. నాట్లు వేసే యంత్రం వచ్చాక వరసలో నిలబడి పాడే పదిమంది లేరు. రెండు గంటల బస్సు కూడా ఆపేశారు, ఆటోలు ఎప్పుడంటే అప్పుడు ఉంటాయి.

కార్బన్ కాగితాలు చూసిన వారం ఊరికి వెళ్ళాను. అమ్మకి వచ్చే యేడు రిటైర్మెంటు. కేంద్రంలో ఆమె పని ఇప్పుడు సగం ఫోనులోనే. పిల్లల బరువులు, గుడ్ల లెక్కలు ఆ యంత్రంలో కొట్టాలి, అదేమో రోజుకోసారి మొరాయిస్తుంది. సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ ఆ అద్దాల కొట్టు ముందు నుంచి వస్తుంటే, మామ నీకేం చెప్పేవాడమ్మా, అసలు ఎట్లా వచ్చింది నీకు అన్ని మాటలు అని అడిగాను. అమ్మ ఆగి, అరుగు ఉండిన చోటు వంక కాసేపు చూసింది.

"ఆయన ఒక్కనాడు గూడా నేను తెలివైందాన్నని అనలా. నాకు రాదని గూడా అనలా. పొద్దు వాలినాక పుస్తకం మూసి, రేపు రా అమ్మా అనేవాడు. అంతే."

కొట్లో కుర్రాడు ఎవరి ఫోనో విప్పి దీపం కింద వంగి చూస్తున్నాడు. అతని తప్పేమీ లేదు, మంచివాడే, అడిగితే బాగుచేసి పంపిస్తాడు. మా ఊళ్ళో మనిషికి ఇప్పుడు ఏ మాటకైనా అర్థం కావాలంటే చేతిలోనే ఉంది. రేపు రా అమ్మా అనే గుమ్మమే ఒక్కటి కూడా లేదు.